ఆ ఉత్తరం కంపెనీకి పంపకండి మాస్టారూ

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని. మాది శ్రీకాకుళం జిల్లా రాజాం దగ్గర పల్లెటూరు. మా పెద్దమ్మాయికి 28 ఏళ్లు. హైదరాబాదులో ఒక విదేశీ కంపెనీలో ఆరేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. నాలుగేళ్లుగా ఏ సంబంధం తెచ్చినా వద్దంటోంది. గత నెలలో మా బావమరిది ఒక ఫొటో పంపించి ‘ఇదేటి బావా?’ అని అడిగాడు. అది ఆ కంపెనీలోని ఎల్‌జీబీటీ ఉద్యోగుల (స్వలింగ ప్రేమ గలవారు, ట్రాన్స్‌జెండర్లు వగైరాల) నెట్‌వర్క్ ఫొటో అట. రెండో వరుసలో మా అమ్మాయి ఉంది, మెడలో ఐడీ కార్డుకు హరివిల్లు రంగుల పట్టీ ఉంది. అందులో చేరాకే పిల్ల మారిపోయిందని నా నమ్మకం. ఆమె పేరు తొలగించమని కంపెనీకి రాయదలచిన లేఖను జతపరిచాను, ఇంగ్లిషు సరిచూడగలరు. ఉద్యోగం మాన్పించి తీసుకువచ్చి, ఇటువంటివి నయం చేస్తారని చెబుతున్న విశాఖ వైద్యునికి చూపించాలా? ఆ గుంపులో ఉంటే ఉద్యోగానికి ఏమైనా ముప్పు ఉందా? చిన్నమ్మాయికి బొబ్బిలి సంబంధం మాట్లాడుతున్నాం, వాళ్లు అడిగితే ఏం చెప్పాలి?

జవాబు: మాస్టారూ, నమస్కారం. మీ ఉత్తరాన్ని ఇక్కడ బాగా కుదించి వేశాము గాని, నాలుగు పేజీలూ నేను రెండుసార్లు చదివాను. 2022 ఏప్రిల్‌లోనే రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్లినా మీరు చిరునామాలో ఇంకా శ్రీకాకుళం జిల్లా అనే రాశారు. మా ఇంట్లో పెద్దలూ అలాగే రాస్తారు గనుక అది నాకు వింతగా తోచలేదు. వింతగా తోచినది మరొకటి ఉంది. ఆ నాలుగు పేజీలలో కంపెనీ గురించి ఉంది, బావమరిది అన్న మాటలు ఉన్నాయి, బొబ్బిలి వారి ఆస్తిపాస్తుల వివరం కూడా ఉంది. కానీ ఫొటో చూసిన తరువాత అమ్మాయిని మీరేమడిగారో, ఆమె ఏమన్నదో ఒక్క వాక్యం కూడా లేదు. అడగలేదనే అనుకుంటున్నాను.

ముందుగా ఆ ఫొటో సంగతి. ఇటువంటి నెట్‌వర్కులలో స్వలింగ ప్రేమ గలవారు, ట్రాన్స్‌జెండర్ ఉద్యోగులు మాత్రమే కాక, వారి పక్షాన నిలబడదలచిన తోటి ఉద్యోగులు కూడా ‘అలై’ అనే పేరుతో ఉంటారు, రంగుల పట్టీ వారు కూడా వేసుకుంటారు. కాబట్టి ఆ పట్టీని చూసి ఆమె ఫలానా అని రూఢిగా చెప్పడం మీ వల్ల గాని, మీ బావమరిది వల్ల గాని, నా వల్ల గాని అయ్యే పని కాదు. మీకు లేని ఆశ కల్పించడానికి ఈ మాట అనడం లేదు, ఎందుకంటే మీ అనుమానం నిజమే కావచ్చు. అది నిజమో కాదో చెప్పగలిగిన మనిషి ఒక్కరే ఉండగా, ఆ మనిషిని వదిలి మీరు కంపెనీ వారిని అడగబోతున్నారు.

ఆ గుంపులో చేరాక పిల్ల మారిపోయిందని రాశారు. ఒక మనిషి మనసు ఎవరి వైపు మొగ్గుతుందన్నది ఆఫీసు క్యాంటీన్ పక్క గదిలో నెలకొకసారి జరిగే సమావేశం వల్ల నిర్ణయం కాదు. చేరిన తరువాత ఏదైనా మారి ఉంటే అది దాపరికం ఒక్కటే అయి ఉంటుంది. ఆఫీసులో ఉన్న తొమ్మిది గంటలు దాచుకోవడం మానేసి ఉంటుంది, ఇంటికి వచ్చినప్పుడు మాత్రం ఇంకా దాచుకుంటోంది. మీ చిన్నమ్మాయిని అడిగితే ‘అక్కనే అడగండి నాన్నా’ అన్నదని రాశారు. ఆ జవాబులో ఎంతో ఉంది, ఆ పిల్ల తెలివైనది.

ఇక ఈ నెట్‌వర్క్ అనేది ఏమిటో చెబుతాను. పదకొండేళ్లు ఉపాధ్యాయ సంఘంలో మండల స్థాయిలో పనిచేశానని రాశారు గనుక మీకు చెప్పడం తేలిక. అమెరికాలో 1970లో జిరాక్స్ కంపెనీలోని నల్లజాతి ఉద్యోగులు తమ ఇబ్బందులు మాట్లాడుకోవడానికి ఒక బృందంగా ఏర్పడ్డారు. ఆ తరువాత అదే పద్ధతిలో స్వలింగ ప్రేమ గల ఉద్యోగులూ బృందాలు కట్టుకున్నారు, 1987లో ఏటీ అండ్ టీ అనే టెలిఫోన్ కంపెనీలో ఏర్పడినది అటువంటి పాత బృందాలలో ఒకటి. మన దేశంలో ఇది సాఫ్ట్‌వేర్ కంపెనీల వేడుక మాత్రమే అనుకోకండి. జంషెడ్‌పూర్‌లో కొలిమి నడిపే టాటా స్టీల్‌లో ‘వింగ్స్’ అనే ఇటువంటి బృందం ఉంది, ఆ సంస్థ 2019లో ఉద్యోగుల భాగస్వాములకు, వారు స్త్రీ అయినా పురుషుడైనా, భార్యాభర్తలకు ఇచ్చే సౌకర్యాలను వర్తింపజేసింది.

ఆ సౌకర్యాల గొడవ ఎందుకంటారా? బదిలీల కౌన్సెలింగ్‌లో స్పౌజ్ పాయింట్ల కోసం ఎంతమంది తరఫున డీఈఓ ఆఫీసు మెట్లు ఎక్కి ఉంటారో మీకే తెలుసు. భార్య పాలకొండలో, భర్త ఇచ్ఛాపురంలో పనిచేస్తుంటే సంసారం ఎలా సాగుతుందని మీరే అధికారులతో వాదించి ఉంటారు. ఈ ఉద్యోగికి ఒక ఇల్లు ఉంది, ఆ ఇంట్లో మరొక మనిషి ఉన్నారు అని యజమాని కాగితం మీద ఒప్పుకున్న గుర్తే ఆ పాయింట్లు. ఇద్దరు స్త్రీలు గాని, ఇద్దరు పురుషులు గాని పెళ్లి చేసుకునే హక్కు ఇప్పుడున్న చట్టంలో లేదని 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది గనుక, అటువంటి జంటలు ఇరవై ఏళ్లు ఒకే వంటింట్లో వండుకు తిన్నా చట్టం దృష్టిలో పరాయివారే. ఆసుపత్రిలో సంతకం, కంపెనీ ఆరోగ్య బీమా ఫారంలో ‘స్పౌజ్’ అన్న గడి, ఇవన్నీ వారికి ఖాళీ. ఆ గడిలో ‘పార్ట్‌నర్’ అన్న మాట చేర్పించడానికే ఇటువంటి బృందాలు ఎక్కువగా శ్రమపడతాయి. 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ, ఇటువంటి జంటలు బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా రాసుకోవడానికి ఏ అడ్డంకీ లేదని స్పష్టం చేసింది. మీ అమ్మాయికి తోడు ఎవరైనా ఉన్నారో లేదో మీ ఉత్తరంలో లేదు, నేను ఊహించి చెప్పను.

అయితే సంఘంతో పోలిక ఒకచోట ఆగిపోతుంది, అదీ చెప్పాలి. మీ సంఘం మీ చందాలతో నడిచింది, అవసరమైతే కలెక్టరేటు ముందు టెంటు వేసింది. ఈ నెట్‌వర్క్ కంపెనీ ఇచ్చిన గదిలో, కంపెనీ డబ్బుతో, కంపెనీ అనుమతితో నడుస్తుంది. పై గాలి మారితే ఇదీ మారుతుంది. 2025 ఆరంభంలో అమెరికాలో ప్రభుత్వం మారి ఇటువంటి కార్యక్రమాలకు వ్యతిరేకంగా ఉత్తర్వులు వచ్చిన సమయంలో అక్కడి పెద్ద పెద్ద కంపెనీలే తమ కార్యక్రమాలను తగ్గించుకోవడం, మూసివేయడం చూశాము. జూన్ నెలలో రంగుల కేకు కోసి ఫొటో తీయించుకుని మిగతా పదకొండు నెలలు మరిచిపోయేవీ ఉన్నాయి. మరొక లోపం మీ అనుభవంలోకే వచ్చింది. నగరంలో కూర్చుని ఫొటో బయట పెట్టేవారు, అది సాయంత్రానికి రాజాంలో ఒక మేనమామ ఫోనులో తేలుతుందని ఆలోచించరు. సరైన బృందమైతే ఒక్కొక్కరినీ విడిగా అడిగి, ఒప్పుకున్నవారి ముఖాలే బయట పెడుతుంది. మీ అమ్మాయిని అలా అడిగారో లేదో ఆమెకే తెలియాలి. అడగకపోతే ఆ ఫొటోను తీసివేయమని కోరవలసినది కూడా ఆమే.

ఉద్యోగం పోతుందేమోనన్న మీ భయానికి సగం జవాబే ఇవ్వగలను. ఇష్టపూర్వకంగా జరిగే స్వలింగ సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది కనుక పోలీసుల భయం అక్కరలేదు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల పట్ల ఉద్యోగంలో వివక్ష చూపరాదని, ప్రతి సంస్థలో ఫిర్యాదులు వినే అధికారి ఉండాలని 2019 నాటి చట్టం చెబుతోంది. స్వలింగ ప్రేమ గల స్త్రీకి, పురుషునికి ప్రైవేటు ఉద్యోగంలో అంత సూటిగా రక్షణ ఇచ్చే చట్టం మనకు లేదు. చట్టం లేనిచోట కంపెనీ రాసుకున్న నియమావళే దిక్కు, ఆ నియమావళి కాగితంలోనే ఉండిపోకుండా చూసేది ఇటువంటి బృందమే. అందుచేత, ఎంత బలహీనమైనదైనా, మీరు తీసివేయించాలనుకుంటున్నది మీ అమ్మాయికి ఆఫీసులో ఉన్న కొద్దిపాటి గొడుగు.

మీరు జతపరిచిన లేఖ చదివాను. ఇంగ్లిషు బాగానే ఉంది, సరిచూడవలసినది ఏమీ లేదు. కానీ అది పంపితే ఏమవుతుందో చూడండి. 28 ఏళ్ల ఉద్యోగి గురించి ఆమె తండ్రితో ఏ హెచ్ఆర్ విభాగమూ ఉత్తర ప్రత్యుత్తరాలు జరపదు. మీకు జవాబు రాదు. ఉత్తరం మాత్రం నాలుగు బల్లలు తిరిగి చివరికి అమ్మాయి ముందు పెడతారు. ‘మీ నాన్నగారు ఇలా రాశారు, మీకు ఇంటి దగ్గర ప్రమాదం ఏమైనా ఉందా?’ అని మేనేజరు అడిగినప్పుడు ఆ పిల్ల పరిస్థితి ఏమిటి? ఇటువంటి ఉత్తరమే రాసిన ఒక తండ్రిని నేనెరుగుదును. కంపెనీ నుంచి ఆయనకు ఏమీ రాలేదు, కూతురు ఫోను నంబరు మార్చుకుంది, అంతే. ఒకరి లైంగికత వారి వ్యక్తిగత గోప్యతలో భాగమని సుప్రీంకోర్టు 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల తీర్పులోనే గుర్తించింది, తండ్రికైనా దానిని బజారున పెట్టే అధికారం లేదు.

వైద్యుని సంగతి కఠినంగానే చెబుతాను. స్వలింగ ఆకర్షణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే రోగాల జాబితా నుంచి తీసివేసింది. ఇది జబ్బు కాదని మన దేశంలోని మానసిక వైద్యుల సంఘం 2018లో ప్రకటించింది. మద్రాసు హైకోర్టు కేసు నేపథ్యంలో, దీనిని ‘మార్చేస్తాం’ అంటూ చేసే చికిత్స వైద్యునికి వృత్తిపరమైన దుష్ప్రవర్తన అవుతుందని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. కాబట్టి నయం చేస్తానని మీతో ఎవరైనా అంటే, ఆయన తన వృత్తి నిబంధనలను మీరి మాట్లాడుతున్నట్టే. అక్కడికి మీరు వెళ్లవద్దు, అమ్మాయిని అసలే తీసుకువెళ్లవద్దు. మీకు నిద్ర పట్టడం లేదని రాశారు. ఆ ఇబ్బందికి మీరు ఒక మంచి మానసిక వైద్యుని కలిస్తే తప్పు లేదు.

మీ ఉత్తరం మూడో పేజీలో ఒక సంగతి ఉంది, మీరు దానిని దాటుకుంటూ వెళ్లిపోయారు. ఫొటో చూపించినప్పుడు మీ ఇంటావిడ ఏమీ అనకుండా ఫోను టీపాయ్ మీద బోర్లా పెట్టి, పొయ్యి మీద పాలు ఉన్నాయంటూ లోపలికి వెళ్లారని రాశారు. నిజంగా అప్పుడే తెలిసిన తల్లి అలా లేచి వెళ్లదు, ఇదేమిటని అడుగుతుంది. ఆమెకు చాలాకాలంగా తెలిసి ఉండవచ్చునని, మీరు ఏమంటారోనని ఇన్నాళ్లూ ఊరుకుని ఉండవచ్చునని నా అనుమానం. అమ్మాయితో మాట్లాడే ముందు ఆమెతో మాట్లాడండి. నిలదీయకండి, పక్కన కూర్చుని అడగండి.

అమ్మాయి దసరాకు వస్తుందని, సిరిమాను చూడడానికి బంధువులందరూ విజయనగరంలో మీ చెల్లెలి ఇంట్లో కలుస్తారని రాశారు. ఆ ఇల్లు ఈ మాటకు చోటు కాదు. స్టేషన్ నుంచి ఊరికి వచ్చే కారులో కూడా ఎత్తవద్దు, దిగి వెళ్లడానికి వీలు లేని చోట ఎవరినీ ఇటువంటి ప్రశ్న అడగకూడదు. ఆమె బయలుదేరకముందే, ఒక ఆదివారం ఉదయం ఫోను చేసి, ‘ఫొటో చూశానమ్మా. కోపం లేదు, గాభరా ఉంది. నువ్వు ఎప్పుడు చెప్పాలనుకుంటే అప్పుడు వింటాను, ఎంత చెబితే అంతే వింటాను’ అనండి. కోపం ఉంటే కోపం ఉందనే చెప్పండి, లేదని మాత్రం అబద్ధమాడకండి, మీ గొంతును పోల్చుకోవడం ఆమెకు మీకన్నా బాగా తెలుసు. ఆమె ఏమీ చెప్పకుండా పెట్టేసినా మళ్లీ వెంటనే చేయకండి. సంబంధాల ప్రస్తావన ఈ దసరాకు పూర్తిగా ఆపండి.

బొబ్బిలి వారికి మీరు చెప్పవలసినది తక్కువ. పెద్దమ్మాయి పెళ్లి ఎందుకు చేయలేదని అడిగితే, ‘ఆమె ఇంకా చేసుకోదలచలేదు, అది ఆమె నిర్ణయం’ అన్నది పూర్తి జవాబే. జాతకదోషమని, అమెరికా వెళుతుందని కథలు అల్లవద్దు, అల్లినవి పెళ్లి పందిట్లో నలుగురి నోట నాలుగు రకాలుగా బయటపడతాయి. ఆ ఫొటో వారికి చేరితే సంబంధం తప్పిపోవచ్చు, తప్పిపోదని నేను హామీ ఇవ్వలేను. అప్పుడు చిన్నమ్మాయి ఏమంటుందో కూడా ముందే అడిగి ఉంచుకోండి, పెళ్లి ఆమెది కదా. బావమరిదికి మాత్రం మీరే ఫోను చేసి, ఆ ఫొటో ఇంకెవరికి పంపాడో కనుక్కుని, ఇక ఎవరికీ పంపవద్దని గట్టిగా చెప్పాలి. ఇంటి పెద్దగా ఈ వారంలో మీరు చేయవలసిన పని అది.

మీ లేఖను నేనెవరికీ పంపలేదు, నకలు ఉంచుకోలేదు. తిరుగు టపాలో మీ పేరు మీదే పంపుతున్నాను. కవరు చేరేసరికి అమ్మాయి ఇంట్లో ఉంటే, ఆమె చేతికి చిక్కకుండా మీరే తీసుకోండి.