కొనసాగింపు లైన్లను కలపడం గురించి మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

నల్లగొండ నుండి నీ మేనమామ ఆశీర్వదించి వ్రాయునది. మిర్యాలగూడ మిల్లు నుండి వచ్చే కాటా ఫైలును చదవడానికి జావాలో ప్రోగ్రామ్ వ్రాస్తున్నావనీ, రిమార్కు పొడవైన చోట ఒకే లారీ వివరం రెండు లైన్లలోకి వెళ్ళి లెక్క తప్పుతోందనీ నిన్న ఫోనులో చెప్పావు. నీవు పంపిన ముక్కను కాగితం మీద వ్రాసుకొని చూశాను:

టోకెన్ 41, 62 బస్తాలు, తేమ 17 శాతం దాటింది, \
    ఆరబోసి తెమ్మన్నం

నీ ప్రోగ్రామ్ మొదటి లైనును కామాల దగ్గర విడగొట్టి, రెండో లైనును మరో లారీ అనుకుంటోంది. దీనికి నీవు విడగొట్టే లూపులోనే షరతులు చేర్చుకుంటూ పోతున్నావు బిడ్డా, అది వద్దు. కలపడం ఒక పని, విడగొట్టడం మరొక పని. ఫైలును లైను లైనుగా చదివే బఫర్డ్‌రీడర్‌ను లోపల పెట్టుకొని, అడిగిన ప్రతిసారీ ఒక పూర్తి లైనును మాత్రమే ఇచ్చి, ఫైలు అయిపోయినప్పుడు ఇంకేమీ లేదని తెలిపే నల్ ఇచ్చే చిన్న క్లాసు వేరుగా వ్రాయి. కామాలు చూసే భాగానికి ఫైలులో లైను ఎక్కడ విరిగిందో తెలియవలసిన అవసరమే ఉండకూడదు.

ఆ క్లాసు వ్రాసే ముందు, నీ ఫైలు కొనసాగింపును ఏ విధంగా చెబుతోందో తేల్చుకో. కొన్ని ఫైళ్ళు నీ ఫైలులాగా లైను చివరనే బ్యాక్‌స్లాష్ (\) పెట్టి, ఇంకా ఉందని ముందే చెబుతాయి. డైరెక్టరీ వివరాలుండే ఎల్‌డిఫ్ ఫైళ్ళు, క్యాలెండర్ ఫైళ్ళు, జావా ప్రోగ్రామ్ మూటలో దాని వివరాలు చెప్పే జార్ మ్యానిఫెస్టు మాత్రం తర్వాతి లైను మొదట్లో ఖాళీ పెట్టి, ఇది పై లైనుదే అని వెనక నుండి చెబుతాయి. ఈ రెండో రకంలో తర్వాతి లైనును చూసే దాకా చేతిలో ఉన్న లైను పూర్తయిందో లేదో తెలియదు కనుక, ఒక లైనును ఎప్పుడూ పట్టుకొని ఉండవలసి వస్తుంది.

చాలా ఏళ్ళ క్రితం ఒక మిల్లుకు నేను వ్రాసిన ప్రోగ్రామ్ సరిగ్గా అక్కడే తప్పింది. ఒక్కో లైను చదివి ఇచ్చే రీడ్‌లైన్ నల్ ఇవ్వగానే లూపు నుండి బయటికి వచ్చాను గాని, ముక్కలను కూర్చే స్ట్రింగ్‌బిల్డర్‌లో మిగిలిపోయిన చివరి లైనును ఇవ్వలేదు. ప్రతి సాయంత్రం ఆఖరి లారీ లెక్కలోకి రాలేదు. గుమాస్తా చీటీలన్నీ చేత్తో లెక్కపెట్టి "సార్, ఇయ్యాల గూడ ఒకటి తక్కువొచ్చింది" అనేవాడు. తప్పు దొరికేలోపు వారం రోజులు గేటు దగ్గర పనిచేసే మనిషిని అనుమానించారు. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఫైలు ముగిసిన చోట చేతిలో ఏమైనా మిగిలిందా అని చూసే వరుసను నీవు అన్నిటికంటే ముందు వ్రాయాలని అడుగుతున్నాను. నీ బ్యాక్‌స్లాష్ ఫైలులో చివరి లైను కూడా బ్యాక్‌స్లాష్‌తో ముగిస్తే, ఉన్నంత వరకు ఇచ్చి, ఫైలు సగంలో తెగి ఉండవచ్చని హెచ్చరిక కూడా వ్రాయి.

బ్యాక్‌స్లాష్‌నే అక్షరంగా వ్రాయడానికి రెండుసార్లు వ్రాసే ఫైళ్ళలో, చివరి అక్షరం ఒక్కదాన్ని చూస్తే సరిపోదు. చివరి నుండి వెనక్కి వరుసగా ఎన్ని బ్యాక్‌స్లాష్‌లు ఉన్నాయో లెక్కపెట్టు. బేసి సంఖ్య అయితే కొనసాగింపు, సరి సంఖ్య అయితే లైను అక్కడితో పూర్తి. సెట్టింగుల ఫైళ్ళను చదివే జావాలోని ప్రాపర్టీస్ క్లాసు పాటించే నియమం కూడా ఇదే. ఫైలును నీవే కొత్త లైను గుర్తు దగ్గర విడగొట్టుకోకు. విండోస్ ఫైలులో ఆ గుర్తుకు ముందు క్యారేజ్ రిటర్న్ అనే కనబడని గుర్తు ఒకటి ఉంటుంది. అది మిగిలిపోతే బ్యాక్‌స్లాష్ చివరి అక్షరం కాకుండా పోతుంది. రీడ్‌లైన్ ఆ రెంటినీ తీసేసి ఇస్తుంది. బ్యాక్‌స్లాష్ తర్వాత కంటికి కనబడని ఖాళీ పడితే క్షమించి కలపాలా, ఆగి చెప్పాలా అని నీవు అడిగావు. ఆగి చెప్పడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ఊహించి కలిపిన లైను ఏ రోజు ఎవరి బస్తాలను ఎవరి ఖాతాలో వేస్తుందో తెలియదు.

ఖాళీల విషయంలో, రెండు చివరల ఖాళీలన్నీ తీసేసే ట్రిమ్ వాడే అలవాటును ఇక్కడ మానుకో. ప్రాపర్టీస్ ఫైలులో కొనసాగింపు లైను ముందున్న ఖాళీలన్నీ పోతాయి. ఎల్‌డిఫ్‌లో, మ్యానిఫెస్టులో మాత్రం ఒక్క ఖాళీయే గుర్తు, రెండోది సమాచారం. "వరి" దగ్గర లైను విరిగి, కింది లైను రెండు ఖాళీలతో "ధాన్యం" అని మొదలైతే, ఒక ఖాళీ తీస్తే "వరి ధాన్యం" వస్తుంది, ట్రిమ్ చేస్తే "వరిధాన్యం" అవుతుంది.

మన లిపికి ఇంకొక చిక్కు ఉంది. క్యాలెండర్ ఫైలులో లైను 75 బైట్లు దాటకూడదని నియమం. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం (అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు వేర్వేరుగా) ఒక్కొక్కటి 3 బైట్లు. "మిర్యాలగూడ" అనే మాటకే 30 బైట్లు పడతాయి. లైను మొదట్లో ఇంగ్లీషులో సమ్మరీ అనే పేరు, కోలన్ కలిసి 8 బైట్లు తీసుకుంటే మిగిలేవి 67. వాటిలో 22 సంకేతాలు పట్టి, బైట్లను మాత్రమే లెక్కపెట్టి విరిచే ప్రోగ్రామ్ చేతిలో 23వ దానిలోని ఒక బైటు ఈ లైనులో, రెండు కింది లైనులో పడతాయి. అటువంటి ఫైలును ముందే అక్షరాలుగా చదివి తర్వాత కలిపితే ఆ అక్షరం పాడవుతుంది. బైట్లుగా ఉండగానే కలిపి, ఆ తర్వాత అక్షరాలుగా మార్చాలి. మ్యానిఫెస్టుకు జావాలోనే క్లాసు ఉంది, దానినే వాడు. ప్రాపర్టీస్ ఫైలులో తెలుగు ఉంటే, ఆ క్లాసుకు ఉత్త బైట్లు అందించే ఇన్‌పుట్‌స్ట్రీమ్ కాకుండా, యూటీఎఫ్-8 అని చెప్పిన రీడర్‌ను ఇవ్వు. ఇన్‌పుట్‌స్ట్రీమ్ ఇస్తే దానిని తెలుగు లేని ఐఎస్‌ఓ 8859-1 పద్ధతిగా చదువుతుంది.

పూర్తి లైనుతో పాటు, అది ఫైలులో ఎన్నో లైను దగ్గర మొదలైందో కూడా ఇవ్వు. 212వ లైనులో తప్పుందని ప్రోగ్రామ్ చెబితే, కాటా దగ్గరి మనిషి నోట్‌ప్యాడ్‌లో ఫైలు తెరిచి ఆ 212నే వెతుక్కుంటాడు. నీవు కలిపిన తర్వాతి లెక్క అతనికి ఏమీ చెప్పదు.

ఆదివారం నల్లగొండకు వచ్చేటప్పుడు ఒక్క లైనే ఉన్న ఫైలు, చివర బ్యాక్‌స్లాష్‌తో తెగిన ఫైలు, రెండు బ్యాక్‌స్లాష్‌లతో ముగిసిన ఫైలు తయారు చేసి తీసుకురా. ఇద్దరం కూర్చొని నడిపి చూద్దాం.

నీ మేనమామ