లేజర్ అనే ఒంటరిగా నడిపే చిన్న తెరచాప పడవలో ఉండగా ఉరుములు మొదలైతే? పిడుగు నీళ్లలోకి పోయేలా మాస్ట్‌కి (తెరచాపని నిలబెట్టే స్తంభానికి) గొలుసు కట్టి నీళ్లలో వేలాడదీస్తే చాలా?

చాలదు. పెద్ద యాట్‌లలో మాస్ట్ అడుగు నుంచి లావుపాటి రాగి తీగ తిన్నగా కిందికి దిగి, నీళ్లలో ఉండే చదరపు అడుగు రాగి పలకకు కలుస్తుంది. ఆ కొలత కూడా ఉప్పునీటికే. హుస్సేన్ సాగర్ లాంటి చెరువు నీళ్లలో కరెంటు అంత తేలిగ్గా పారదు, ఆ పలకా సరిపోదు. ఇక లేజర్‌లో అల్యూమినియం మాస్ట్ ఫైబర్ గుంతలో ఊరికే నిలబడి ఉంటుంది. పిడుగు అక్కడిదాకా వచ్చాక ఫైబర్‌ని చీల్చుకుని నీళ్లలోకి పోవచ్చు, పక్కనే తడిసి కూర్చున్న మనిషి మీదికీ దూకొచ్చు.

కాబట్టి మీ చేతిలో ఉన్నది టైమొక్కటే. మెరిసిన 30 సెకన్లలోపు ఉరిమితే లోపలికి వెళ్లాలన్న లెక్క క్రికెట్ ఆడేవాళ్లకి సరే. శబ్దానికి కిలోమీటరుకు 3 సెకన్లు, అంటే పిడుగు 10 కిలోమీటర్లలో ఉన్నట్టు. గాలివాన గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వస్తే మీకు మిగిలేది 15 నిమిషాలే. పైగా ఏప్రిల్, మే సాయంత్రాల్లో గాలివానకు ముందు చాలాసార్లు గాలి స్తంభిస్తుంది. తెరచాప వేలాడిపోయి చెరువు నడుమ ఇరుక్కుంటారు. అందుకే మబ్బు కాలీఫ్లవర్‌లా పైకి పొంగుతున్నప్పుడే తిరగండి, ఉరుము కోసం ఆగకండి. పిడుగులు ఎక్కడ పడుతున్నాయో చూపే దామిని యాప్‌లో 20 కిలోమీటర్ల వలయంలో పిడుగు కనబడితే అసలు పడవ దించకండి. (సెల్‌ఫోన్ పిడుగుని లాగుతుందన్నది వట్టి మాట.)

ఇరుక్కుపోతే సొంత క్లబ్ కోసం చూడొద్దు, ఏ గట్టు దగ్గరైతే అక్కడికే. మాస్ట్ పీకే ప్రయత్నం వద్దు, ఆరు మీటర్ల లోహాన్ని చేత్తో పైకెత్తినట్టవుతుంది. మాస్ట్‌కి, బూమ్‌కి (తెరచాప అడుగున అడ్డంగా ఉండే కడ్డీకి) దూరంగా వెనక్కి జరిగి, వంగి కూర్చోండి. చేతులు నీళ్లలో పెట్టకండి, పడవ దిగి ఈదకండి. మాస్ట్‌ని పక్కల నుంచి పట్టి ఉంచే ష్రౌడ్ తీగలున్న పడవైతే వాటినీ తాకొద్దు. ఆప్టిమిస్ట్ అనే చిన్న తెరచాప పడవలు నడిపే పిల్లలుంటే సేఫ్టీ బోట్ వాళ్లు పడవల్ని లాగుతూ కూర్చోకుండా పిల్లల్ని ఎక్కించుకుని వచ్చేయాలి. పడవలు తర్వాత తెచ్చుకోవచ్చు.

గట్టెక్కాక చెట్టు కింద, పడవలు నిలిపే చోట మాస్ట్‌ల మధ్య నిలబడొద్దు. పక్కా భవనంలోకో, అద్దాలు మూసిన కారులోకో వెళ్లండి. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి, మధ్యలో ఒక్కటి ఉరిమినా లెక్క మళ్లీ మొదటికే.

పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొట్టదు. ఊపిరి ఆడకపోతే వెంటనే ఛాతీ నడుమ 5-6 సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100-120 సార్లు నొక్కుతూ ఉండండి, ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.