వేళ్లకు అంతా ఒకేలా తగులుతోంది!

ప్రశ్న: బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) రెండో ఏడాది చదువుతున్నాను. పుస్తకంలో బొమ్మ చూస్తే అన్నీ చెప్పగలను. మనిషి భుజం మీద చెయ్యి వేస్తే ఏది ఎముకో, ఏది టెండనో (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) తెలియదు. ప్రాక్టికల్స్ అంటే టెన్షన్. ఏం చేయాలి?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: ముందు గట్టిగా నొక్కడం మానెయ్యమ్మా. నొక్కేకొద్దీ అవతలివాళ్ల కండరం బిగుసుకుంటుంది, నీ వేలికి ఏమీ అందదు. భుజంతోనే మొదలుపెట్టు. స్నేహితురాలిని అడిగి, మోచేయి వంచమని, భుజం ముందువైపు రెండు వేళ్లు ఊరికే ఆనించు. రెండో చేత్తో ఆమె ముంజేతిని లోపలికీ బయటికీ మెల్లగా తిప్పు. వేళ్ల కింద దొర్లే గుబ్బలు హ్యూమరస్‌వి, అంటే భుజం నుంచి మోచేయి దాకా ఉండే ఎముకవి. వాటి మధ్య గాడిలోనే బైసెప్స్ (పై చేతి ముందువైపు కండరం) పొడవాటి టెండన్ ఉంటుంది. అక్కడ నొక్కితే మామూలు వాళ్లకీ కాస్త నొప్పే, జబ్బనుకోకు!

నడుములో అయితే తుంటి ఎముకల పైఅంచులను కలిపే గీత దాదాపు ఎల్-4 (నడుములోని నాలుగో వెన్నుపూస) దగ్గరికి వస్తుంది. కాస్త అటూఇటూ అవుతుంది, లావుపాటి వాళ్లలో మరీను. అందుకే సన్నటి వాళ్ల మీదే ప్రాక్టీస్ చేసి ఆగిపోకు.