డాలస్‌లో ఇద్దరు, ఇక్కడ ఏడుగురు: పని ఆగకుండా ఎలా?

ప్రశ్న: విజయవాడలో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతున్నాను. విశాఖ, వరంగల్, విజయవాడల్లో ఏడుగురు, డాలస్‌లో ఇద్దరు ఇళ్ల నుంచే పనిచేస్తారు. చిన్న సందేహానికి కూడా ఒక రోజు పోతోంది. రోజూ రాత్రి మీటింగ్ పెడితే అందరూ అలసిపోతున్నారు. ఏం చేయాలండీ?

జవాబు: రోజువారీ మీటింగ్ మానేయండి. వారానికి రెండు, ఒక్కోటి 30 నిమిషాలు చాలు. మిగతాది రాతలో జరగాలి. పని ముగించే ముందు ప్రతి ఒక్కరూ నాలుగు ముక్కలు రాయాలి: ఏది అయింది, ఎక్కడ ఆగింది, ఏం ప్రయత్నించారు, ఎవరి జవాబు కావాలి. ఈ మూడోదే అందరూ వదిలేస్తారు, రోజు పోయేది అక్కడే. ‘పేమెంట్ పేజీ పనిచేయట్లేదు’ అంటే అవతలివాళ్లు మళ్లీ అడగాల్సిందే. ‘కూపన్ వాడి రూ.500 దాటిన ఆర్డర్ పెడితే పేజీ ఖాళీగా వస్తోంది, రూ.499కి బాగానే ఉంది, బ్రౌజర్ మార్చినా అంతే’ అని రాస్తే మీరు నిద్ర లేచేసరికి జవాబు వచ్చి ఉంటుంది.

ఫోన్లో తీసుకున్న నిర్ణయాన్నీ అదే చోట రాయండి. లేకపోతే డాలస్ వాళ్లకు అది జరగనట్టే.

గడియారంతో జాగ్రత్త, అమెరికాలో చలికాలానికి దాన్ని గంట వెనక్కి తిప్పుతారు. డాలస్‌లో ఉదయం 9 అంటే మనకు రాత్రి 7.30, నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా 8.30. క్యాలెండర్‌లో మీటింగ్‌ను మన సమయానికి కట్టేస్తే చలికాలంలో వాళ్లు 8కే కూర్చోవాలి. ఆ భారం ఎవరిదో ముందే మాట్లాడుకోండి.