ఎదురుగా ఇంకో కుక్క వచ్చినప్పుడు

చి. కల్యాణికి,

బాబాయ్ ఆశీస్సులు. ఇంట్లో పిల్లిలా ఒదిగి పడుకునే భీముడు రోడ్డు మీద ఇంకో కుక్క కనపడగానే వెనక కాళ్ళ మీద లేచి గొంతు చించుకుంటున్నాడని రాశావు. 11 నెలల వయసు, 34 కిలోల బరువు. నీ చేతులు బొబ్బలెక్కాయి. బయల్దేరే ముందే నీకు గుండె దడ మొదలవుతోంది. ముందు ఆ భయం తగ్గించుకో తల్లీ. వాడు చెడిపోలేదు, నీ పెంపకంలో లోపమూ లేదు. పెద్ద జాతి కుక్కలకు ఆరో నెల నుంచి ఏడాదిన్నర దాకా, కొన్నిటికి రెండేళ్ళ దాకా, కుర్రతనం నడుస్తుంది. ఒళ్ళు పెద్ద కుక్కదే, తనను తాను ఆపుకునే నేర్పు మాత్రం ఇంకా రాదు. నిన్నటిదాకా పట్టించుకోని వాటికి ఇవాళ ఉలిక్కిపడటం ఈ వయసులో మామూలే.

లీష్, అంటే పట్టుకుని నడిపించే తాడు, ఉన్నప్పుడే ఇలా ఎందుకు చేస్తాడంటావా? విడిగా ఉన్న రెండు కుక్కలు ఎదురుపడితే సూటిగా రావు. కాస్త పక్కకు వంపు తిరుగుతాయి, మొహం తిప్పుకుంటాయి, నేల వాసన చూస్తాయి. ఆ తర్వాతే దగ్గరవుతాయి, లేదా తప్పుకుంటాయి. మనం లీష్ కట్టి ఇరుకు దారిలో ముఖాముఖి నడిపిస్తే ఆ మర్యాదలన్నీ పోతాయి, తప్పుకునే దారీ ఉండదు. ఇక మిగిలింది అరవడమే. అరిచాడు, అవతలి కుక్క దాని దారిన అది వెళ్ళిపోయింది. వాడి లెక్కలో అరుపు పనిచేసినట్టే. అందుకే ప్రతి రచ్చా మరుసటి రచ్చకు సాధన అవుతుంది.

మూలం రెండు రకాలు. ‘నా దగ్గరికి రాకు’ అనే భయం ఒకటి, ‘నన్ను వెళ్ళనివ్వు’ అనే ఆరాటం ఇంకోటి. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. తెలిసిన కుక్కలతో లీష్ లేకుండా హాయిగా ఆడుకునేవాడైతే ఆరాటం పాలు ఎక్కువని అనుకోవచ్చు. అక్కడ కూడా తోక ముడిచి నక్కుతుంటే భయమే. చాలా కుక్కల్లో రెండూ కలిసే ఉంటాయి. నేర్పే పద్ధతి దాదాపు ఒకటే కాబట్టి ఈ తేడా తేలలేదని ఆగిపోకు. రెండింటికీ మందు దూరమే.

పని మొదలుపెట్టే ముందు డాక్టరుకు చూపించు. ఎదిగే వయసులో పెద్ద కుక్కలకు తుంటి కీళ్ళు, మోచేతి కీళ్ళు నొప్పి పెట్టడం ఉంటుంది. 5 నుంచి 18 నెలల మధ్య ఒక్కోసారి ఒక్కో కాలు కుంటించే ఎముకల నొప్పీ ఉంది. చెవిలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా కుక్క చిరాకుగానే ఉంటుంది. లేవడానికి తడబడినా, మెట్ల దగ్గర ఆగినా, తల అదేపనిగా విదిలించినా చెప్పు. నొప్పితో ఉన్న కుక్కకు ఏ శిక్షణా ఎక్కదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే ఇదంతా పోతుందని ఎవరైనా అంటే దాని మీదే ఆశ పెట్టుకోకు. భయస్తులైన కుక్కల్లో ఫలితం చెప్పినట్టు ఉండదు. ఎప్పుడు చేయించాలో డాక్టరుతోనే మాట్లాడు.

ఇక సామాను. ఛాతీ మీద ఇంగ్లిషు వై అక్షరంలా ఉండే హార్నెస్, అంటే ఒంటికి తొడిగే పట్టీల అమరిక, కొను. భుజాలకు అడ్డంగా పట్టీ ఉన్నది వద్దు, అడుగు సాగనివ్వదు. వీపు మీద ఒక రింగు, ఛాతీ ముందు ఒక రింగు ఉండాలి. లీష్ 2 మీటర్ల నుంచి రెండున్నర దాకా ఉండి, రెండు చివర్లా కొక్కేలుంటే మేలు: ఒకటి ముందు రింగుకు, ఒకటి వెనక రింగుకు. అప్పుడు వాడు దూకినా బలమంతా ముందుకు పోకుండా ఒళ్ళు పక్కకు తిరుగుతుంది. బటన్ నొక్కితే సాగే తాడు లీష్ మాత్రం వద్దే వద్దు. అది ఎప్పుడూ బిగువుగానే ఉంటుంది, పైగా పరుగు అందుకున్న పెద్ద కుక్కను ఆపలేదు. హార్నెస్ నుంచి మెడపట్టీకి ఒక చిన్న పట్టీ కలిపి ఉంచు, ఒకటి ఊడినా ఇంకోటి పట్టుకుంటుంది.

పట్టుకునే తీరు కూడా చెబుతాను, నీ బొబ్బలు అక్కడివే. లీష్‌ను వేళ్ళకో మణికట్టుకో చుట్టకు, 34 కిలోలు ఒక్కసారి దూకితే వేలు విరగొచ్చు. పిడి కుడి చేతిలో ఉంచుకుని, ఆ పిడికిలి బొడ్డు దగ్గర ఒంటికి ఆనించు. ఎడమ చేతిలో మిగతా లీష్ వదులుగా, కిందికి చిన్న వంపు వచ్చేలా పట్టుకో. వాడు లాగితే చెయ్యి చాచకు. మోకాళ్ళు కాస్త వంచి, ఒక కాలు వెనక్కి పెట్టి నిలబడు, బరువు నడుము మీద పడుతుంది. నడుముకు మాత్రం లీష్ కట్టుకోకు.

ముళ్ళ పట్టీ, బిగుసుకునే గొలుసు, షాకు కొట్టే పట్టీ పెట్టమని సలహాలు వస్తాయి. అవి అరుపును ఆపినట్టే కనిపిస్తాయి. కానీ ఇంకో కుక్క కనపడిన ప్రతిసారీ మెడకు నొప్పి పుడితే, వాడు నేర్చుకునేది ‘కుక్క వస్తే నొప్పి వస్తుంది’ అని. లోపలి భయం పెరుగుతుంది, పైకి కనిపించే హెచ్చరిక పోతుంది. అలాంటి కుక్క ఒకరోజు గుర్రుమనకుండానే కరవచ్చు. అందుకే గుర్రుమన్నా తిట్టవద్దంటున్నాను. అది వాడు నీకు చెప్పే ముందస్తు కబురు.

మొదటి రెండు మూడు వారాలు రచ్చ జరగకుండా చూడటమే పని. కుక్కలు తక్కువగా తిరిగే వేళకు మారు, దారి మార్చు. దాటలేనంత రద్దీ ఉన్న రోజు వాకింగ్ మానెయ్, తప్పేం లేదు. బదులుగా భోజనాన్ని తువ్వాలులో చుట్టి వెతికించు, నమలడానికేదైనా ఇవ్వు. మనుషులు లేని చోట 8–10 మీటర్ల పొడవు లీష్ వీపు రింగుకే తగిలించి వాసనలు చూడనివ్వు. అరగంట అలా తిరిగితే రద్దీ రోడ్డు మీద గంట నడిచినదానికంటే వాడికి హాయి. కిటికీలోంచి కుక్కల్ని చూసి అరుస్తుంటే కింది సగానికి కాగితం అంటించు. నిద్ర కూడా చూసుకో. ఈ వయసు కుక్క రోజులో సగానికి పైగా పడుకోవాలి, నిద్ర చాలకపోతే వాడికి ఓపిక ఉండదు.

ఈలోగా ఇంట్లో మూడు మాటలు నేర్పు. ‘భేష్’ అను, వెంటనే ట్రీట్ పెట్టు. రోజుకు ఇరవైసార్లు, మూడు రోజులు చేస్తే ఆ మాట వినగానే నీ వైపు తిరుగుతాడు. రెండోది ‘పద పోదాం’. సరదా గొంతుతో అని గిర్రున వెనక్కి తిరుగు, వాడు నీతో తిరిగి నాలుగడుగులు వేయగానే ట్రీట్. హాల్లో, మెట్ల దగ్గర, గేటు బయట రోజూ పదిసార్లు చెయ్యి. కుక్క కనిపించినప్పుడే వాడితే అది ప్రమాద ఘంటికలా మారుతుంది, ఖాళీ రోడ్డు మీద కూడా అంటూ ఉండు. మూడోది ‘వెతుకు’: అంటూనే ఏడెనిమిది ముక్కలు గడ్డిలో చల్లు. తల కిందికి దిగితే ఒళ్ళు నెమ్మదిస్తుంది.

ట్రీట్ బఠాణీ గింజంత, మెత్తగా, నమలకుండా మింగేలా ఉండాలి. ఉప్పు వేయకుండా ఉడికించిన కోడిమాంసం చాలా కుక్కలకు ప్రాణం. అరవై ముక్కలు నడుము సంచిలో వేసుకో, ఆ మేరకు పూట భోజనం తగ్గించు.

ఇప్పుడు అసలు పని. విశాలమైన చోటు వెతుకు, దూరంగా కుక్కలు నడిచిపోతూ ఉండాలి, నీకు వెనక్కి తప్పుకునే దారి ఉండాలి. భీముడు అవతలి కుక్కను చూసి కూడా ట్రీట్ మెత్తగా తీసుకోగలిగే దూరం ఎంతో కనిపెట్టు. నలభై మీటర్లు కావచ్చు, ఎనభై కావచ్చు, సిగ్గుపడాల్సింది లేదు. మొహం చూస్తే తెలిసిపోతుంది. నాలుక బయటపెట్టి వగరుస్తున్నవాడు ఠక్కున నోరు మూస్తాడు. చెవులు ముందుకు వస్తాయి. బరువు ముందు కాళ్ళ మీదికి జరుగుతుంది, తోక పైకి లేచి బిగుసుకుంటుంది. చూపు రెండు మూడు సెకన్లకు మించి అతుక్కుపోతే నువ్వు మరీ దగ్గరున్నట్టే. నీ వేళ్ళ మీద పళ్ళు గట్టిగా తగిలేలా ట్రీట్ లాక్కుంటున్నా అంతే, అసలు తీసుకోకపోతే ఇంకా వెనక్కి పో. వీపు మీద వెంట్రుకలు లేవడం ఉద్రేకానికి గుర్తు, దాన్ని ఒక్కదాన్నీ చూసి కోపమనుకోకు.

దూరం కుదిరాక వరస ఇది. వాడు కుక్కను చూడాలి. చూసిన క్షణాన ‘భేష్’, ఆ తర్వాతే చెయ్యి సంచిలోకి. కుక్క కనిపిస్తున్నంతసేపూ ఒక్కొక్క ముక్కా అందిస్తూ ఉండు. అది కనుమరుగవగానే ఆపెయ్. కుక్క వస్తే విందు మొదలు, పోతే విందు ముగింపు. ఈ లెక్క వాడి బుర్రలో కూర్చోవాలి. తలకిందులు చేస్తే మొత్తం చెడుతుంది. నీకు ముందుగా కుక్క కనపడి, కంగారుగా సంచి గలగలలాడించి ముక్క చూపించావనుకో, కొన్నాళ్ళకు సంచి చప్పుడు వినగానే ‘కుక్క ఎక్కడ’ అని వెతుకుతాడు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

కొన్ని రోజులకు ఒక చిన్న మార్పు వస్తుంది. కుక్కను చూస్తాడు, తనంతట తనే మెడ తిప్పి ‘ఏదీ నా ముక్క’ అన్నట్టు నీ మొహంలోకి చూస్తాడు. దానికోసమే ఇంత తంటా. అక్కడి నుంచి ‘భేష్’ చూడగానే అనకు, ఒకటి రెండు సెకన్లు ఆగి, వాడు నీ వైపు తిరిగాక అను. తిరగలేకపోతే దగ్గరైపోయావని అర్థం.

ఒక్కో విడత పది నిమిషాలు, ఐదారు కుక్కలు చాలు. వారానికి మూడు నాలుగు రోజులే చెయ్యి. పదిసార్లలో ఎనిమిదిసార్లు నెమ్మదిగా ఉంటేనే రెండు మీటర్లు ముందుకు జరుగు. నిలబడిన కుక్కకంటే కదిలేది కష్టం, కదిలేదానికంటే మొరుగుతూ సూటిగా వచ్చేది ఇంకా కష్టం. కష్టం పెరిగిన రోజు దూరమూ పెంచు. కూర్చోమని బలవంతపెట్టకు. కుదురుగా కూర్చున్నా కళ్ళు అతుక్కుపోయి ఉంటే లోపల ఉడుకుతూనే ఉంటాడు. కదలనివ్వడమే మేలు.

అయినా ఒక్కోసారి మూల తిరగగానే ఎదురుపడతారు, వాడు పేలిపోతాడు. అప్పుడు నేర్పడానికేమీ లేదు. అరవకు, మెడ గుంజకు, వీపు మీద చెయ్యి వెయ్యకు. ఆ ఊపులో ఎవరు ముట్టుకున్నారో చూడకుండా నిన్నే కరవచ్చు, అది నీ మీద కోపం కాదు. లీష్ ఒంటికి దగ్గరగా పట్టుకుని, తిరిగి, దూరం జరుగు. కారు వెనక్కో గోడ వెనక్కో పోతే సగం పని అయినట్టే. వాడి ఊపు తగ్గాక ‘వెతుకు’ అని నాలుగు ముక్కలు చల్లి ఇంటికి వచ్చెయ్. అరిచినవాడికి తిండి పెడితే అరుపు అలవాటవుతుందని భయపడకు. భయాన్ని తిండి పెంచదు. ఆ రోజూ మరునాడూ రద్దీకి తీసుకుపోకు. ఒంట్లో లేచిన ఆందోళన దిగడానికి సమయం పడుతుంది. పొద్దున బాణాసంచా, మధ్యాహ్నం డాక్టరు, సాయంత్రం కుక్క అంటే మూడూ కలిసి పేలుతాయి. ‘నిన్న ముప్పై మీటర్లలో బాగానే ఉన్నాడే’ అనుకునే రోజుల వెనక సాధారణంగా ఇదే ఉంటుంది.

‘మా వాడు మంచివాడు, పలకరించనివ్వండి’ అని వచ్చేవాళ్ళకు ‘మావాడికి శిక్షణ నడుస్తోంది’ అని చెప్పి తిరిగిపో. లీష్ మీద పలకరింపులు ఇప్పట్లో ఒక్కటీ వద్దు, ఆరాటం ఉన్న కుక్కకైతే మరీను. విడిగా తిరిగే కుక్క మీదికొస్తే భీముణ్ణి నీ వెనక ఉంచి, చెయ్యి అడ్డంగా చాచి గట్టిగా ‘ఆగు’ అను. గుప్పెడు ముక్కలు దాని మొహం వైపు విసురు, అది తినేలోపు తప్పుకో. పరుగెత్తకు.

వాడికి మూతికి తొడిగే బుట్టలాంటి మజిల్ అలవాటు చెయ్యి. నోరు తెరిచి వగర్చగలగాలి, నీళ్ళు తాగగలగాలి. నోరు బిగించే గుడ్డ మజిల్ వాకింగుకు పనికిరాదు. మొదట లోపల ముక్క పెట్టి వాడే మూతి దూర్చేలా చూడు, బకిల్ పెట్టడం రెండు వారాల తర్వాతే. ట్రైనర్‌ను పెట్టుకుంటే ఒకటే అడుగు: ‘కుక్క తప్పు చేస్తే మీరేం చేస్తారు?’ నొప్పి, బెదిరింపు అనే జవాబొస్తే వద్దను. పళ్ళు చర్మంలో దిగినా, మూడు నెలలు సరిగ్గా చేసినా దూరం తగ్గకపోయినా కుక్కల ప్రవర్తన తెలిసిన వెటర్నరీ డాక్టరు కావాలి. కొన్ని కుక్కలకు మందు తోడైతేనే శిక్షణ ఎక్కుతుంది.

రేపు వాకింగుకు పోకు. హార్నెస్ కొలతలు తీసుకో: మెడ మొదలు దగ్గర చుట్టుకొలత, ముందు కాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత. పట్టీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్ళు పట్టాలి. సాయంత్రం ‘భేష్’ మొదలుపెట్టు. మొదటిసారి విశాలమైన చోటుకు వెళ్ళిన రోజు ఎన్ని మీటర్లలో నోరు మూశాడో, ఎన్ని మీటర్లలో ముక్క మెత్తగా తీసుకున్నాడో నాకు రాసి పంపు.

ప్రేమతో,
బాబాయ్