జిల్లా బాధ్యతలు చేపడుతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మీ అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీకు పదోన్నతి వచ్చి, జిల్లా పబ్లిక్ హెల్త్ నర్సింగ్ అధికారిగా వెళుతున్నావని తెలిసి సంతోషించాను. ఆ కుర్చీలో పని ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు కనుక, అమెరికాలో పబ్లిక్ హెల్త్ నర్సింగ్‌కు బాట వేసిన నర్సు లిలియన్ వాల్డ్ అనుసరించిన పద్ధతిని కాస్త వివరంగా చెబుతాను. మనవాళ్లు ఆమె పేరును పరీక్షకు చదివి మరచిపోతారు గానీ, ఆమె పాలకుల చేత పని ఎలా చేయించుకున్నారో పట్టించుకోరు.

1893లో న్యూయార్క్‌లోని లోయర్ ఈస్ట్ సైడ్‌లో వలస స్త్రీలకు గృహశుశ్రూష పాఠాలు చెబుతుండగా, ఒక చిన్నపిల్ల వచ్చి బాలింత అయిన తన తల్లి దగ్గరకు ఆమెను తీసుకుపోయింది. ఆ ఇంటి స్థితి చూశాక వాల్డ్ వైద్యవిద్య మానుకొని, తోటి నర్సు మేరీ బ్రూస్టర్‌తో కలిసి ఆ పేటలోనే కాపురం పెట్టారు. పేదల ఇళ్లకు నర్సులను పంపే హెన్రీ వీధి కేంద్రం అలా పుట్టింది.

నీకు అసలు పనికివచ్చేది 1902 నాటి ముచ్చట. ట్రకోమా అనే అంటు కంటిజబ్బు, తామర, పేలు ఉన్న పిల్లలను బడి తనిఖీ వైద్యులు ఇంటికి పంపేసేవారు. ఇంటి దగ్గర మందు వేసే దిక్కు లేక, ఆ పిల్లలే వీధిలో తోటివారితో ఆడుతూ ఉండేవారు. వాల్డ్ తన కేంద్రం నుండి లీనా రోజర్స్ అనే ఒక్క నర్సును, నాలుగు బడులకు, నెల రోజుల ప్రయోగంగా ఇస్తామన్నారు. అయితే ప్రయోగం ఫలిస్తే నర్సు జీతం ప్రభుత్వ ధనం నుండి ఇప్పించడానికి తోడ్పడతామని కొందరు అధికారుల చేత ముందే మాట తీసుకున్నారు. 1902 సెప్టెంబరులో 10,567గా ఉన్న బడి నుండి పంపివేతలు, మరుసటి సెప్టెంబరుకు 1,101కి తగ్గాయి.

నువ్వూ జిల్లా మొత్తానికి ప్రతిపాదన రాయకుండా రెండు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు తీసుకొని, ఫలితం కొలవడానికి ఒకే ఒక లెక్క పెట్టుకొని, అది మెరుగుపడితే నిధులు ఎవరు ఇస్తారో ఫైలు మీద ముందుగానే రాయించుకో. దానికోసం కొత్త రిజిస్టరు మాత్రం పెట్టకు. ఊళ్లలో తిరిగే మన ఏఎన్‌ఎమ్ నర్సులు ఉన్నవాటితోనే సతమతమవుతున్నారు.

1909లో వాల్డ్ మెట్రోపాలిటన్ లైఫ్ బీమా కంపెనీని ఒప్పించినప్పుడు కూడా, పాలసీదారులకు నర్సు సేవ అందితే మరణాలు తగ్గి కంపెనీకే లాభమన్న వైపు నుండి మాట్లాడారు. నువ్వు హెడ్‌మాస్టరు దగ్గరకు వెళితే హాజరు గురించి మాట్లాడు, రక్తహీనత సంగతి తరువాత చెప్పవచ్చు.

తనిఖీకి వెళ్లినప్పుడు కనీసం రెండిళ్లు నువ్వే ఎక్కి దిగు. రిజిస్టరులో బీపీ మాత్రలు ఇచ్చినట్టు ఉన్న ఇంట్లో ఆ స్ట్రిప్ తెప్పించి, ఎన్ని మాత్రలు మిగిలాయో చూస్తే, సమీక్షా సమావేశంలో ఎవరూ చెప్పని సంగతులు తెలుస్తాయి. ఆ రోజులను ముందస్తు టూరు ప్రోగ్రాంలో రాయించుకో, లేకపోతే వీడియో కాన్ఫరెన్సులు మింగేస్తాయి.

నీ జిల్లా కేంద్రాల జాబితా పంపితే, ఏ రెండింటితో మొదలుపెట్టాలో ఆదివారం ఫోనులో మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ అత్తయ్య