మిడి ఫైళ్లకు సాఫ్ట్‌వేర్ సింథసైజర్‌ను ఎంచుకునే ముందు

చిరంజీవికి శుభాశీస్సులు.

నీ దగ్గర పోగుపడిన మిడి ఫైళ్లను వినడానికి ఏ సాఫ్ట్‌వేర్ సింథసైజర్ (ఫైలులోని ఆదేశాలను ధ్వనిగా మార్చే కంప్యూటర్ ప్రోగ్రామ్) మంచిదని అడిగావు. ఒక పేరు చెప్పి ఊరుకోవచ్చు గానీ, అది నీ ఫైళ్లకు నప్పకపోతే నువ్వు ఆ సంగీతాన్నే తక్కువగా అంచనా వేస్తావు. అలా జరగడం నాకు ఇష్టం లేదు. కనుక ఆ ఫైళ్లు ఏ పరికరాన్ని మనసులో పెట్టుకుని తయారయ్యాయో ముందుగా తెలుసుకో. సింథసైజర్ ఎంపిక ఆ తర్వాతి పని.

మిడి ఫైలులో సాధారణంగా ధ్వని ఉండదు. ఏ స్వరం, ఏ క్షణాన, ఎంత బలంగా, ఎన్నో సంఖ్య వాద్యంపై పలకాలో చెప్పే ఆదేశాలే ఉంటాయి. ఈ ఫైలు రూపం 1988లో స్థిరపడింది గానీ, ఏ సంఖ్యకు ఏ వాద్యమన్న ఉమ్మడి పట్టిక 1991లో జనరల్ మిడి వచ్చేదాకా లేదు. ఆ పట్టికలో 128 వాద్యాలున్నాయి, పదో ఛానల్‌ను (ఆదేశాలు వెళ్లే దారుల్లో పదోదాన్ని) డ్రమ్స్‌కు కేటాయించారు. అంతకు ముందు, 1987లో వచ్చిన రోలాండ్ కంపెనీ ఎంటీ-32 అనే ధ్వని పరికరంలో వాద్యాల వరుస వేరు. దానికోసం రాసిన ఫైలును, పాత కంప్యూటర్ ఆటల సంగీతంలో ఇటువంటివి చాలా ఉన్నాయి, జనరల్ మిడి సింథసైజర్‌లో వినిపిస్తే ఒక వాద్యం పలకవలసిన చోట మరొకటి పలుకుతుంది. ఎంత గొప్ప ధ్వనులు తెచ్చిపెట్టినా ఆ లోపం తీరదు. అటువంటి ఫైళ్లకు మంట్ అనే ఎమ్యులేటర్‌ను, అంటే ఆ పరికరాన్ని అనుకరించే ప్రోగ్రామ్‌ను, వాడు. అయితే అసలు పరికరంలోని రోమ్ ఫైళ్లు (దాని చిప్పుల్లోని సమాచారపు నకళ్లు) దానికి కావాలి, అవి దానితోపాటు రావు.

జనరల్ మిడిని విస్తరించినవి రోలాండ్ వారి జీఎస్, 1994లో వచ్చిన యమహా ఎక్స్‌జీ. ఈ రెండింటిలోనూ అదనపు వాద్యాలను బ్యాంక్ సంఖ్యలతో, అంటే ఏ వాద్యాల గుంపో చెప్పే సంఖ్యలతో, పిలుస్తారు గానీ, పిలిచే పద్ధతులు వేరు. ఏ ఫైలు ఏ పద్ధతిదో ఊహించనక్కర లేదు. సీక్వెన్సర్‌లో (మిడి ఫైళ్లను తెరిచి దిద్దే ప్రోగ్రామ్‌లో) ఆదేశాల జాబితా తెరిచి, మొదట్లో వచ్చే సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ సందేశాలను, అంటే ఒక్కో కంపెనీ పరికరానికి ప్రత్యేకమైన ఆదేశాలను, చూడు. హెక్సాడెసిమల్‌లో (పదహారు ఆధారంగా రాసే సంఖ్యల పద్ధతిలో) F0 తర్వాత 43 ఉంటే యమహా, 41 ఉంటే రోలాండ్. 41 తర్వాత ఒక సంఖ్యను వదిలి ఆ పక్కనున్నది చూస్తే, 42 అయితే జీఎస్, 16 అయితే ఎంటీ-32. అటువంటి సందేశమేదీ లేకపోతే జనరల్ మిడిగా భావించి మొదలుపెట్టు.

ఇక ఎంపిక. విండోస్‌తో వచ్చే సింథసైజర్‌లోని ధ్వనుల ఫైలు మూడు మెగాబైట్ల పైచిలుకు మాత్రమే. స్వరాలు సరిగా ఉన్నాయో లేదో సరిచూసుకోవడానికి అది చాలు, మనసుపెట్టి వినడానికి చాలదు. నేను నీకు సూచించేది ఫ్లూయిడ్‌సింత్. అది ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది, పాటను నేరుగా ఆడియో ఫైలుగా కూడా రాసిపెడుతుంది. విండోస్‌లో నీకు అలవాటైన ప్లేయర్‌ను వదలడం ఇష్టం లేకపోతే వర్చువల్‌మిడిసింత్ వేసుకో. అది కంప్యూటర్‌లో ఒక మిడి పరికరంలా కనిపిస్తూ ఏ ప్లేయర్‌కైనా పలుకుతుంది.

ఈ రెండూ సౌండ్‌ఫాంట్ మీద, అంటే వాద్యాల ధ్వనులున్న ఫైలు మీద, ఆధారపడేవే కనుక, నీ చెవికి తెలిసే తేడాలో ఎక్కువ భాగం సౌండ్‌ఫాంట్‌దే. ఇక్కడే చాలామంది పరిమాణం చూసి మోసపోతారు. ఫ్లూయిడ్‌ఆర్3 అనే సౌండ్‌ఫాంట్ సుమారు 140 మెగాబైట్లు, జనరల్‌యూజర్ జీఎస్ అనేది సుమారు 30 మెగాబైట్లు. అయినా నీవంటి కలగలుపు సేకరణకు నేను రెండోదాన్నే ముందు పెడతాను. ఫైలు తయారుచేసినవారు తమ పరికరంలో వింటూ బేస్ ఎంత వినిపించాలో, డ్రమ్స్ ఎంత వెనక ఉండాలో సరిచూసుకుని ఆ సంఖ్యలు రాశారు. పియానో ఒక్కటే అద్భుతంగా ఉండి తక్కిన వాద్యాలను మింగేసే సౌండ్‌ఫాంట్ ఆ శ్రమను చెడగొడుతుంది. వాద్యాల మధ్య సమతూకమే నాకు మొదటి గుణం. ఒక్కొక్క వాద్యపు అందం ఆ తర్వాతిది. పైగా జనరల్‌యూజర్‌లో జీఎస్ అదనపు వాద్యాలు కూడా ఉన్నాయి.

ఫ్లూయిడ్‌సింత్ పెట్టుకున్నాక రెండు అమరికలు చూసుకో. దాని గెయిన్ (శబ్దాన్ని పెంచే స్థాయి) మొదట 0.2 మాత్రమే ఉంటుంది, అందుకే శబ్దం సన్నగా వినిపిస్తుంది. కొంచెం కొంచెంగా పెంచు, అనేక వాద్యాలు ఒకేసారి మోగే చోట ధ్వని చిట్లకుండా ఉన్నంతవరకే పెంచు. బ్యాంక్ ఎంపిక పద్ధతి మొదట జీఎస్‌లో ఉంటుంది. యమహా ఫైళ్లకు దాన్ని ఎక్స్‌జీకి మార్చు, లేకపోతే పదో ఛానల్‌లో కాక మరో ఛానల్‌లో ఉంచిన డ్రమ్స్ ఏదో వాద్యపు స్వరాలుగా పలకవచ్చు.

రెండు సౌండ్‌ఫాంట్లను పోల్చేటప్పుడు ముందుగా రెంటి శబ్దాన్నీ సమం చెయ్యి, ఎందుకంటే బిగ్గరగా ఉన్నదే మంచిదని చెవి పొరబడుతుంది. పోలికకు నువ్వు బాగా ఎరిగిన పాటలనే తీసుకో. సాగదీసిన వయొలిన్ల స్వరంలో ఒకే ముక్క మళ్లీ మళ్లీ తిరుగుతున్నట్టు తెలుస్తోందా, స్వరం జారే చోట సరైన శ్రుతిలో ఆగుతోందా, పియానో పెడల్ వదిలాక నాదం సహజంగా అణగుతోందా అన్నవి నిదానంగా విను.

జనరల్‌యూజర్ జీఎస్‌తో మొదలుపెట్టు. ఏ ఫైలైనా తేడాగా వినిపిస్తే, దాని మొదటి పది పన్నెండు ఆదేశాలను ఉన్నవున్నట్టుగా రాసి నాకు పంపు. అది ఏ పరికరానిదో కలిసి తేలుద్దాం.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న